సరస్సు ఉన్న గడిలో రాత్రి ఉష్ణోగ్రత ఎందుకు ఎక్కువ చూపిస్తుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. సరస్సు ఒడ్డున ఉన్న ఒక ఊరికి ఎరా5 రీఎనాలిసిస్ (కొలతలనూ వాతావరణ మోడల్‌నూ కలిపి, భూమిని గడులుగా విడగొట్టి, గడిచిన వాతావరణాన్ని తిరిగి లెక్కగట్టిన డేటా) నుంచి 2 మీటర్ల ఎత్తు ఉష్ణోగ్రత గంట గంటకూ తీశారు. ఊళ్లోని స్టేషన్‌తో పోలిస్తే మోడల్ రాత్రిళ్లు మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ, మధ్యాహ్నాలు రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. పక్క గడిలో ఈ తేడా లేదు. ఇది డేటాలో తప్పా, నిజంగా సరస్సు ప్రభావమా, దగ్గర్లో పారుతున్న నదికి ఇందులో వాటా ఉందా, ఒక స్థిర సంఖ్య తీసేసి సరిచేసుకోవచ్చా అని అడిగారు.

అది డేటాలో తప్పు కాదు. అలాగని అది మీ ఊరి ఉష్ణోగ్రతా కాదు. నీరున్న గడిలో వచ్చే సంఖ్య మూడు విషయాలను బట్టి మారుతుంది. గడిలో ఎంత భాగం నీరు అని మోడల్ అనుకుంటోంది, ఆ నీటి లోతు ఎంత అనుకుంటోంది, నీటి ఉష్ణోగ్రతను తనే లెక్కగడుతోందా లేక బయటి నుంచి తెచ్చి పెట్టుకుంటోందా. ఈ మూడూ తెలియకుండా దిద్దుబాటు మొదలుపెడితే ఒక నెలలో సరిపోయింది ఇంకో నెలలో తలకిందులవుతుంది. స్థిర సంఖ్య తీసేయడం ఎందుకు పనికిరాదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ముందు గాలికీ నీటికీ మధ్య జరిగేది చూద్దాం. ఒక ఘనపు మీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయాలంటే సుమారు 41.8 లక్షల జౌళ్లు కావాలి. పొడి మట్టికి అందులో మూడో వంతు చాలు. అసలు తేడా మాత్రం అక్కడ లేదు. నేల మీద పడిన ఎండ వేడి ఒక రోజులో కొన్ని అంగుళాల లోతుకే దిగుతుంది. నీటిలోకైతే వెలుతురే మీటర్ల లోతుకు వెళ్తుంది, పైగా గాలి ఆ నీటిని కలియబెడుతుంది. కాబట్టి అదే ఎండ నేల మీద పై పొరను మాత్రమే కాలుస్తుంది, సరస్సులో మందమైన పొర మొత్తానికీ పంచబడుతుంది. రాత్రి ఇదే తిరగబడుతుంది. నేల పైపొర త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి అక్కడే నిలిచిపోతుంది. నీటి పైపొర చల్లబడితే బరువెక్కి కిందికి దిగుతుంది, దాని స్థానంలోకి కింది వెచ్చని నీరు వస్తుంది. అందుకే రాత్రంతా నీటి ఉపరితలం పెద్దగా పడిపోదు. మీ గ్రాఫ్‌లో రాత్రి ఎక్కువ, పగలు తక్కువ అన్నది దీని ముద్రే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. సరస్సు నుంచి నీరు ఆవిరవుతుంది కాబట్టి గాలి చల్లబడుతుంది అంటారు. ఆవిరి కావడానికి కావలసిన వేడి ఎక్కువగా నీటి నుంచే పోతుంది. రోజుకు ఒక మిల్లీమీటరు నీరు ఆవిరైతే చదరపు మీటరుకు సుమారు 28 వాట్లు నీటి నుంచి వెళ్లిపోయినట్టు. నాలుగు మిల్లీమీటర్లైతే 110 వాట్ల పైనే. అంటే ఆవిరవడం వల్ల చల్లబడేది నీళ్లు. ఆ చల్లని నీటి మీదుగా వచ్చిన గాలి ఆ తర్వాత చల్లబడుతుంది, తేమ కూడా మోసుకొస్తుంది. తేమ పెరిగితే రాత్రి నేల నుంచి పోయే వేడి కూడా కాస్త తగ్గుతుంది. కాబట్టి ఉష్ణోగ్రతతో పాటు డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కూడా గీసి చూడండి. పగలు ఉష్ణోగ్రత తగ్గి డ్యూ పాయింట్ పెరిగి ఉంటే అది నీటి వైపు నుంచి వచ్చిన గాలి అనడానికి గట్టి సాక్ష్యం.

ఇప్పుడు మోడల్ సంగతి. ఎరా5 అసలు గడి సుమారు 31 కిలోమీటర్లు. మీరు డౌన్‌లోడ్ చేసుకునే 0.25 డిగ్రీల డేటా దాని నుంచి మళ్లీ ఇంటర్‌పొలేట్ చేసినది (పక్క గడుల విలువల మధ్య లెక్కగట్టి నింపినది), కాబట్టి సరస్సు అంచు ఇంకాస్త అలికినట్టవుతుంది. ఒక గడిలో పొలం, అడవి, బీడు, నీరు అన్నీ ఉండొచ్చు. మోడల్ వాటిని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగం నుంచి గాలికి వెళ్లే వేడి, తేమ లెక్కగట్టి, విస్తీర్ణాన్ని బట్టి కలిపి పై గాలికి అందిస్తుంది. 2 మీటర్ల ఉష్ణోగ్రత నేరుగా కొలిచింది కాదు. మోడల్‌లోని అట్టడుగు గాలి పొరకూ ఉపరితలానికీ మధ్య లెక్కగట్టి తీసినది. కాబట్టి ఉపరితలం అంటే ఏమిటి అన్న నిర్ణయం ఆ సంఖ్యలో నేరుగా కనిపిస్తుంది.

ఊహకు ఒక లెక్క వేద్దాం. గడిలో 30 శాతం నీరు, 70 శాతం నేల. నిర్మలమైన రాత్రి నేల వైపు 2 మీటర్ల ఉష్ణోగ్రత 12 డిగ్రీలు, నీటి వైపు 22 డిగ్రీలు అనుకోండి. సగటు 15 డిగ్రీలు వస్తుంది. ఒడ్డుకు ఐదారు కిలోమీటర్లు లోపల ఉన్న స్టేషన్ 12 చూపిస్తుంది. మోడల్ మూడు డిగ్రీలు ఎక్కువ చెప్పినట్టుంది. నిజానికి మోడల్ మీ స్టేషన్ గురించి ఏమీ చెప్పలేదు, నేలా నీరూ కలిసిన సగటు చెప్పింది. అసలు మోడల్‌లో ఇంత సూటి సగటు ఉండదు, ఎందుకంటే రాత్రి నేల మీద గాలి నిశ్చలంగా, నీటి మీద కలియతిరుగుతూ ఉంటుంది. అయినా మీరు చూసిన తేడా ఏ స్థాయిలో ఉంటుందో ఈ లెక్కతో అంచనా వేసుకోవచ్చు.

లోతు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. నా అనుభవంలో నెలల స్థాయి తప్పులు ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తాయి. ఎరా5లో సరస్సుల కోసం ఫ్లేక్ అనే మోడల్ పనిచేస్తుంది. దీన్ని జర్మన్ వాతావరణ శాఖకు చెందిన ద్మీత్రీ మిరొనోవ్ రూపొందించారు. ఎరా5ను తయారుచేసిన యూరప్ వాతావరణ అంచనా కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్ తన రోజువారీ ఫోర్‌కాస్ట్ వ్యవస్థలో 2015లో దీన్ని చేర్చింది, ఆ తర్వాతి వెర్షన్ మీద ఎరా5 తయారైంది. ఫ్లేక్ సరస్సును రెండు పొరలుగా చూస్తుంది. పైన బాగా కలిసిన పొర, కింద లోతుతో పాటు చల్లబడుతూ పోయే పొర. కింది పొర ఆకారానికి ఒక ముందస్తు సూత్రం వాడుతుంది కాబట్టి లెక్క చాలా తేలిక, ప్రపంచమంతటికీ నడపొచ్చు. దానికి ముఖ్యంగా కావలసింది లోతు. లక్షల సరస్సులకు కొలిచిన లోతు లేదు. తెలియని చోట 25 మీటర్లు అని పెట్టుకున్నారు.

మీ సరస్సు నిజంగా 4 మీటర్ల లోతే ఉండి, మోడల్ 25 అనుకుంటే ఏమవుతుంది? వేసవి ముందు రెండు నెలల పాటు నీటిలోకి సగటున చదరపు మీటరుకు 100 వాట్లు చేరుతున్నాయనుకుందాం. 60 రోజులకు 5,184 లక్షల జౌళ్లు. 25 మీటర్ల నీరు పూర్తిగా కలిసి ఉంటే ఇది దాన్ని సుమారు 5 డిగ్రీలు వేడి చేస్తుంది. 4 మీటర్లకైతే కాగితం మీద 31 డిగ్రీలు వస్తుంది. అంత పెరగదు, ఎందుకంటే చాలా ముందే నీరు వేడెక్కి, ఆవిరవడం, వేడిని తిరిగి వదలడం పెరిగి ఆగిపోతుంది. అంటే లోతు తక్కువ సరస్సు వాతావరణాన్ని కొద్ది రోజుల తేడాతో వెంబడిస్తుంది. లోతైన సరస్సు వారాలు, నెలలు వెనకబడుతుంది. మోడల్ లోతు ఎక్కువ అనుకుంటే వేసవి ముందు నెలల్లో నీరు చల్లగా, చలికాలం ముందు నెలల్లో వెచ్చగా ఉండిపోతుంది. ఒకే గడి, ఒకే సరస్సు, ఆరు నెలల తేడాతో తప్పు గుర్తు మారిపోతుంది. స్థిర సంఖ్య తీసేయొద్దు అన్నది ఇందుకే.

రోజువారీ ఊగిసలాటకూ ఇదే లెక్క. పగలు 12 గంటలు అదే 100 వాట్లు చేరితే, ఒక మీటరు మందం కలిసిన పొర ఒక డిగ్రీ పెరుగుతుంది, పది మీటర్ల పొర పదో వంతు డిగ్రీ. గాలి లేని ఎండ రోజున పై పొర చాలా పలచబడి నీరు పైపైన చెప్పుకోదగ్గంత వేడెక్కుతుంది. గాలి వీచిన రోజున అదే నీటి ఉష్ణోగ్రత పెద్దగా మారదు.

నీటి సాంద్రత సుమారు 4 డిగ్రీల దగ్గర అత్యధికం కావడం చల్లటి ప్రాంతాల్లో ఇంకో మెలిక. 4 డిగ్రీల కంటే చల్లగా ఉన్న సరస్సు వేడెక్కుతుంటే పై నీరు బరువెక్కి దిగుతూనే ఉంటుంది, అడుగు దాకా 4 డిగ్రీలు వచ్చేవరకు పైన వేడి నిలవదు. ఉత్తర అమెరికాలో సగటు లోతు సుమారు 147 మీటర్లు ఉన్న లేక్ సుపీరియర్ మధ్యభాగం జూన్‌లో కూడా 4 డిగ్రీల చుట్టూ ఉండడానికి కారణం ఇది. సగటు లోతు 19 మీటర్లే ఉన్న లేక్ ఈరీ అప్పటికి బాగా వేడెక్కి ఉంటుంది. ఫ్లేక్ తక్కువ, మధ్యస్థ లోతులకు బాగా పనిచేస్తుంది. చాలా లోతైన వాటికి 40 నుంచి 60 మీటర్ల దగ్గర ఒక కృత్రిమ అడుగు పెట్టి నడుపుతారు. 1,642 మీటర్ల లోతున్న రష్యాలోని బైకాల్ సరస్సును అలా నడిపితే కొన్ని నెలలు తేడా రావడం సహజం.

అన్ని మోడళ్లూ సరస్సును లెక్కగట్టవు. కొన్ని నీటి ఉష్ణోగ్రతను శాటిలైట్ విశ్లేషణ నుంచి తెచ్చి పెట్టుకుంటాయి. పెద్ద సరస్సులకు ఇది బాగుంటుంది, చిన్నవాటికి శాటిలైట్ పిక్సెలే సరిపోదు, మబ్బు పట్టిన వారాల్లో పాత విలువే కొనసాగుతుంది. డబ్ల్యూఆర్ఎఫ్ అనే ప్రాంతీయ వాతావరణ మోడల్ నడిపేవాళ్లు అందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఇబ్బంది ఇంకొకటి. ఇన్‌పుట్ డేటాలో ఆ సరస్సుకు నీటి ఉష్ణోగ్రత లేకపోతే, దగ్గరి సముద్రం విలువను తెచ్చి సరస్సులో నింపేస్తుంది. దక్షిణ అమెరికాలో 3,800 మీటర్ల ఎత్తున ఉన్న టిటికాకా సరస్సుకు సముద్ర మట్టం దగ్గరి నీటి ఉష్ణోగ్రత తగిలిస్తే వచ్చే ఫలితానికి అర్థం లేదు. సరస్సు మీద ఉష్ణోగ్రత మ్యాప్‌లో అసహజంగా ఒకే రంగు ముద్ద కనిపిస్తే ముందు ఇదే అనుమానించాలి. దీనికి మందు కూడా ఆ ప్యాకేజీలోనే ఉంది. కొన్ని రోజుల సగటు ఉపరితల గాలి ఉష్ణోగ్రతను సరస్సుకు మొదటి విలువగా ఇవ్వొచ్చు, లేదా లోపలి సరస్సు మోడల్ ఆన్ చేసుకోవచ్చు. నేను రెండోదే చేస్తాను, కనీసం కొన్ని వారాల ముందు నుంచి నడిపి నీరు స్థిరపడ్డాకే ఫలితం వాడతాను. అమెరికాలోని 3 కిలోమీటర్ల గడుల హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్ ఫోర్‌కాస్ట్ మోడల్ 2020 డిసెంబరు వెర్షన్‌లో ఇంకో అడుగు వేసింది. సుపీరియర్, ఈరీ లాంటి గ్రేట్ లేక్స్‌కు నీటి ప్రవాహాలను కూడా లెక్కగట్టే మోడల్ నుంచి ఉష్ణోగ్రత, మంచు తీసుకుంటుంది, చిన్న సరస్సులకు ప్రత్యేక సరస్సు మోడల్ నడుపుతుంది.

గడ్డకట్టే సరస్సులుంటే మంచు తేదీ అన్నిటికన్నా ముఖ్యం. నీరు తెరిచి ఉన్నంత సేపు గాలికి సున్నా డిగ్రీల పైనున్న ఉపరితలం తగులుతుంది. మంచు కట్టి దాని మీద హిమం పడ్డాక అది నేలలాగే ప్రవర్తిస్తుంది, నిర్మలమైన రాత్రి సున్నాకు ఇరవై డిగ్రీలకు పైగా కిందికి పోవచ్చు. మోడల్ వారం ముందో వెనకో గడ్డకట్టిస్తే ఆ వారంలో పది డిగ్రీల తప్పు ఆశ్చర్యం కాదు. మీ ప్రాంతంలో గడ్డకట్టదు కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

గాలి సంగతికి వద్దాం. పగలు నీటి నుంచి ఒడ్డుకు, రాత్రి ఒడ్డు నుంచి నీటికి గాలి వీస్తుంది. దీన్ని మోడల్ పట్టుకోవాలంటే గడి చిన్నదైతే సరిపోదు, ఆ గాలి తిరిగే వెడల్పు గడికి కనీసం ఆరేడు రెట్లు ఉండాలి. 31 కిలోమీటర్ల మోడల్‌లో రెండు వందల కిలోమీటర్ల స్థాయి గాలులే సరిగ్గా వస్తాయి. విక్టోరియా సరస్సు సుమారు 68,800 చదరపు కిలోమీటర్లు, దాని మీద రాత్రి ఒడ్ల నుంచి గాలులు కలుసుకుని పిడుగుల వానలు కురవడం ముతక మోడళ్లలో కూడా ఎంతో కొంత కనిపిస్తుంది. ఇరవై కిలోమీటర్ల సరస్సు అయితే ఎరా5లో దాని వేడి, తేమ మాత్రమే ఉంటాయి, దాని గాలి ఉండదు. కాబట్టి మధ్యాహ్నం రెండు గంటలకు ఒడ్డున గాలి తిరిగి ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే దృశ్యం మీ స్టేషన్‌లో ఉండి మోడల్‌లో లేకపోతే అది మోడల్ రిజల్యూషన్ పరిమితి. దాన్ని ఏ సగటు దిద్దుబాటుతోనూ తేలేరు. నీటి మీదుగా గాలి వీచే రోజులనూ, నేల మీదుగా వీచే రోజులనూ విడగొట్టి చూడండి, రెండింటి మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

నది గురించి అడిగారు కదా. అర కిలోమీటరు వెడల్పు నది 31 కిలోమీటర్ల గడిని అడ్డంగా దాటితే అది గడిలో 1.6 శాతం. 9 కిలోమీటర్ల గడిలో 5.6 శాతం, 3 కిలోమీటర్ల గడిలో 17 శాతం, ఒక కిలోమీటరు గడిలో సగం. ఎరా5లోని లేక్ కవర్‌లో, అంటే గడిలో నీటి భాగం ఎంతో చెప్పే విలువలో, నదులు కూడా కలిసే ఉంటాయి, కానీ ఈ శాతాలు చూస్తే మామూలు నది అక్కడ ఉష్ణోగ్రతను మార్చలేదని తెలుస్తుంది. అమెజాన్, టపజోస్ కలిసే చోటు లాంటి, నీరు పది కిలోమీటర్లకు పైగా పరచుకున్న ప్రాంతాల సంగతి వేరు, అక్కడ నదీ గాలులు నిజంగానే వీస్తాయి. ఉన్న కాస్త వాటాను కూడా మోడల్ నిలవ నీటిలాగే చూస్తుంది. నది పారుతుంది, పైనుంచి అడుగు దాకా కలిసిపోతుంది, ఎగువ నుంచి వేరే ఉష్ణోగ్రత మోసుకొస్తుంది. పెద్ద డ్యామ్ అడుగు నుంచి వదిలిన నీరు వేసవిలో చుట్టుపక్కల నీటి కంటే చాలా చల్లగా ఉండొచ్చు. ఇవేవీ ఫ్లేక్‌లో లేవు.

నది ఒడ్డు స్టేషన్ రాత్రి చల్లగా ఉంటే నదిని అనుమానించే ముందు నేల ఎత్తు చూడండి. నది ఎప్పుడూ పల్లంలోనే ఉంటుంది. రాత్రి చుట్టూ ఉన్న మెట్ట నుంచి చల్లని బరువైన గాలి ఆ పల్లంలోకి దిగి నిలుస్తుంది. దాన్ని నది చల్లదనం అనుకుంటాం, కానీ ఆ సమయంలో నీరు గాలి కంటే వెచ్చగా ఉండి పొగమంచు లేపుతుంటుంది. నది వెంట సాగునీటి పొలాలుంటే వాటి ప్రభావం కూడా నదికంటే ఎక్కువ, ఎందుకంటే విస్తీర్ణం ఎన్నో రెట్లు. ఎరా5లో సాగునీరు విడిగా లేదు. స్టేషన్ల ఉష్ణోగ్రత, తేమ చూసి నేల తేమను సరిదిద్దే పద్ధతి కొంతవరకు ఆ లోటును పూడుస్తుంది.

ఆ స్టేషన్ రీడింగుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రీఎనాలిసిస్ అన్నప్పుడు స్టేషన్లన్నీ కలిపారు కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఎరా5లో స్టేషన్ ఉష్ణోగ్రతలు గాలి ఉష్ణోగ్రతనూ, నేల పొరల తేమనూ ఉష్ణోగ్రతనూ దిద్దుతాయి. ఫ్లేక్ లెక్కగట్టిన సరస్సు నీరు మాత్రం అలా దిద్దబడదు. నీటి ఉష్ణోగ్రతలో వచ్చిన తప్పు తనంతట తాను సర్దుకునేదాకా అలాగే కొనసాగుతుంది. 9 కిలోమీటర్ల ఎరా5-ల్యాండ్‌లో స్టేషన్ రీడింగులు నేరుగా కలపరు, ఎరా5 గాలిని తీసుకుని నేల మోడల్‌ను మళ్లీ నడుపుతారు. గడి చిన్నది కాబట్టి సరస్సూ నేలా బాగా విడిపోతాయి. మీ పనికి ముందు దాన్నే ప్రయత్నించండి.

ఇంకొకటి, గడిలో నీరెంత, నేలెంత అని చెప్పే ఈ మ్యాపులు (మాస్కులు) కాలంతో మారవు. 1960లో సుమారు 68,000 చదరపు కిలోమీటర్లున్న ఆరల్ సముద్రం 2007 నాటికి పదో వంతుకు కుంచించుకుపోయింది. ఎరా5 డేటా 1940 నుంచి ఉంది, మొత్తానికీ ఒకే లేక్ కవర్. మీ సరస్సు వేసవిలో సగం ఎండిపోయేదైతే, లేదా ఈ మధ్యే కట్టిన జలాశయమైతే, మోడల్‌కు ఆ సంగతి తెలియదు. దీర్ఘకాలిక ట్రెండ్ తీసేటప్పుడు ఇది చాలా బాధిస్తుంది, ఎండిపోయిన సరస్సు వల్ల పెరిగిన వేడి మోడల్‌లో రానే రాదు.

మీరు ఇప్పుడు చేయవలసింది ఇది. ఎరా5 డేటా తీసుకున్న వెబ్‌సైట్ నుంచే లాండ్-సీ మాస్క్ (గడిలో నేల భాగం), లేక్ కవర్, లేక్ డెప్త్ (లోతు), లేక్ మిక్స్-లేయర్ టెంపరేచర్ (పైన కలిసిన పొర ఉష్ణోగ్రత) కూడా దించుకోండి. మొదటి మూడూ ఒక్కసారి చాలు. మీ ఊరి చుట్టూ తొమ్మిది గడుల్లో లేక్ కవర్ ఎంతో కాగితం మీద రాసుకోండి. మీరు వాడింది నాలుగు గడుల మధ్య ఇంటర్‌పొలేషన్ అయితే నీటి గడి వాటా ఎంతో అక్కడే తేలిపోతుంది. లేక్ డెప్త్ సరిగ్గా 25 కనిపిస్తే అది కొలిచిన లోతు కాకపోవచ్చు అనుకోండి, స్థానిక నీటిపారుదల రికార్డుల్లో అసలు లోతు వెతకండి. తర్వాత స్టేషన్ నుంచి మోడల్ తీసివేసి, నెల ఒకవైపు, రోజులోని గంట ఇంకోవైపు పెట్టి పట్టిక వేయండి. సరస్సు వల్ల వచ్చిన తేడా ఆ పట్టికలో రాత్రి, పగలు గుర్తు మారుతూ కనిపిస్తుంది. గంటతో పెద్దగా మారకుండా ఏడాదంతా ఒకే వైపు ఉంటే అది ఎక్కువగా ఎత్తు తేడా. దానికి మాత్రం కిలోమీటరుకు 6.5 డిగ్రీల మామూలు దిద్దుబాటు సరిపోవచ్చు, రాత్రి పల్లాల్లో తప్ప.

ఊరి కోసం అయితే దగ్గరి గడి కాకుండా, నీరు తక్కువగా ఉన్న దగ్గరి గడి తీసుకుని, ఎత్తు సరిచేసి, మిగిలిన తేడాను నెల-గంట పట్టికతో దిద్దండి. కనిష్ఠ ఉష్ణోగ్రతలు, వడగాలి రోజుల లెక్క లాంటివాటికి లేక్ కవర్ ఎక్కువున్న గడిని అసలు వాడొద్దు. అది రాత్రి చలినీ మధ్యాహ్నం ఎండనూ రెండింటినీ తగ్గించి చూపిస్తుంది, మీకు కావలసినవి సరిగ్గా ఆ రెండు చివరలే. సరస్సు ఆవిరి నష్టమో, నీటి మీద గాలో మీ పని అయితే దీనికి తిరగేసి, నీటి గడినే తీసుకోండి, ఒడ్డు స్టేషన్‌ను పక్కన పెట్టండి. పట్టిక వేశాక ఆ తొమ్మిది గడుల లేక్ కవర్ విలువలు, లోతు ఇక్కడ పెడితే చూసి చెప్తాను.